పాత ఇంగ్లీష్ డబుల్ బ్యారెల్ చెక్కకు ఆయిల్ ఫినిష్: ఎలా చేయాలి, ఎక్కడ ఆపాలి

"చెక్క నల్లబడి జిడ్డు పట్టింది, గీకించి వార్నిష్ కొట్టించమంటారా?" పాత ఇంగ్లీష్ షాట్‌గన్ చేతికొచ్చిన వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. వద్దు. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, బాస్, వెస్ట్‌లీ రిచర్డ్స్ లాంటి పెద్ద పేర్లకే కాదు, బర్మింగ్‌హామ్‌లో తయారై ఏదో ఊరి దుకాణం పేరుతో అమ్ముడైన మామూలు బాక్స్‌లాక్‌కైనా (పేల్చే యంత్రాంగం ఇనుప దిమ్మ లోపలే ఉండే రకం) ఇదే జవాబు. గొట్టాలకు మళ్లీ నలుపు పెట్టించవచ్చు, విరిగిన స్ప్రింగు మార్పించవచ్చు. గరుకు కాగితానికి అరిగిపోయిన చెక్క అంచును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఈ తుపాకుల చెక్క అక్రోటు. కొత్తగా ఉన్నప్పుడు చెక్క ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేలా అమర్చేవారు. వేలి గోరుతో లాక్ ప్లేటు (పేల్చే యంత్రాంగం, అంటే లాకు, బిగించిన పక్క ఇనుప రేకు) మీంచి చెక్క వైపు గీస్తే ఆ చిన్న మెట్టు తగలాలి. కొనేవాడు, వేలం వేసేవాడు మొదట తడిమి చూసేది దాన్నే. మెట్టు తిరగబడి ఇనుమే ఎత్తుగా తగిలితే చెక్కను ఎవరో గీకేశారని అర్థం.

అందుకని కింద చెప్పే పని రెండు అంచెలుగా ఉంటుంది. మొదటిది శుభ్రం చేయడం. చాలా తుపాకులకు అక్కడితో సరిపోతుంది, అక్కడే ఆపేయండి. రెండోది పాత పూత తీసి కొత్తగా నూనె పట్టించడం. ఎవరో వార్నిష్ కొట్టి పాడుచేసిన తుపాకీకో, గన్ ఆయిల్ దిగి చెక్క మెత్తబడిన తుపాకీకో మాత్రమే అది అవసరం.

ముందుగా చూసుకోవాల్సినవి

చట్టం: భారత్‌లో 1959 ఆయుధాల చట్టం ప్రకారం, 12 బోర్ తూటా పేల్చగలిగిన తుపాకీకి అది నూరేళ్ల నాటిదైనా లైసెన్స్ ఉండాల్సిందే. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్స్‌దారు దగ్గర రెండుకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. తుపాకీ మరమ్మతుకూ లైసెన్స్ కావాలి కాబట్టి లాకులు, గొట్టాల పని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి. పాలిష్ పని బాగా చేస్తాడని తుపాకీని వీధి చివరి వడ్రంగి దగ్గర వదిలి రాకండి, ఆయుధాన్ని లైసెన్స్ లేని మనిషికి అప్పగించినట్టవుతుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు: 12 బోర్ ఇప్పటికీ వాడుకలో ఉన్న కొలతే కనుక 1880 నాటి హ్యామర్ గన్‌కు కూడా షాట్‌గన్ సర్టిఫికెట్ అవసరం. అమెరికాలో ఫెడరల్ చట్టం 1898, అంతకు ముందు తయారైనవాటిని పురాతనంగా చూస్తుంది, రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి.

ముద్రలు: గొట్టాలు విడదీసి, గదుల (గొట్టంలో తూటా కూర్చునే భాగాల) కింది చదును భాగం మీద ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టం ఒత్తిడికి తట్టుకుంటుందని పరీక్షించి వేసిన గుర్తులు, చదవండి. తుపాకీ ఏ కాలంనాటిదో అవే చెబుతాయి. 'నాట్ ఫర్ బాల్' అని ఉంటే 1875–1887 నాటి చోక్ గొట్టం, అంటే మూతి దగ్గర కాస్త ఇరుకు చేసినది. డైమండ్ గుర్తులో 12, సి అక్షరం ఉంటే 1887 తర్వాతిది. గది పొడవు అంగుళాల్లో ముద్రించడం 1925 నుంచి, .729 లాంటి బోర్ (గొట్టం లోపలి వ్యాసం) కొలతా టన్నుల్లో ఒత్తిడి లెక్కా 1954 నుంచి మొదలయ్యాయి. సీరియల్ నంబరు రాసి పెట్టుకోండి. పర్డీ, హాలండ్ లాంటి సంస్థల పాత రిజిస్టర్లలో ఆ నంబరుతో తయారైన సంవత్సరం దొరుకుతుంది. మన సంస్థానాధీశులు లండన్‌కు ఆర్డరిచ్చి చేయించుకున్నవాటి వివరాలూ ఇలాగే బయటపడుతుంటాయి.

చెక్క ఎంత మెరిసినా ఆ తుపాకీ పేల్చడానికి పనికొస్తుందని కాదు. 12 అని ముద్ర ఉన్న గొట్టం అసలు కొలత .729 అంగుళం. గొట్టం వెనక అంచు (తూటా పెట్టే వైపు) నుంచి 9 అంగుళాల దగ్గర గేజ్ పెట్టి కొలిస్తే .740కి చేరిందంటే అది ప్రూఫ్ దాటిపోయినట్టే. బ్రిటన్‌లో అలాంటిది అమ్మడం నేరం. గొట్టం గోడ మందం 20 థౌ, అంటే 0.020 అంగుళం, కంటే పలచబడితే గన్‌స్మిత్‌లు వెనకాడతారు. పాత 12 బోర్ గదులు ఎక్కువగా 2½ అంగుళాలవి, వాటిలో 70 మి.మీ. తూటా పెట్టకూడదు. తూటా లోపలికి చక్కగానే దిగుతుంది. అదే మోసం. పేలాక తూటా మూతి ముడత విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది.

కావలసినవి

శుభ్రం చేయడానికి: వైట్ స్పిరిట్ లేదా మినరల్ టర్పెంటైన్ 500 మి.లీ., డీనేచర్డ్ స్పిరిట్, దూది, పెయింట్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (త్వరగా ఆరేలా చేసిన అవిసె నూనె) కొద్దిగా, పాత పంచె ముక్కలు, మెత్తటి టూత్ బ్రష్‌లు రెండు, వెదురు పుల్లలు, మాస్కింగ్ టేప్, చేతి తొడుగులు.

నూనె పట్టించడానికి వీటికి తోడు: ఆ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిలే 250 మి.లీ., పచ్చి అవిసె నూనె 250 మి.లీ., రతన్‌జోత్ వేరు 50 గ్రా., అసిటోన్ 500 మి.లీ., సుద్ద పొడి అర కిలో, 320, 400, 600 నంబర్ల వెట్ అండ్ డ్రై కాగితాలు, రబ్బరు దిమ్మ, ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రైయర్, మూత ఉన్న ఇనప డబ్బా.

రతన్‌జోత్ మసాలా దినుసుల కొట్లో దొరుకుతుంది. ఇంగ్లండ్ పనివాళ్లు ఆల్కనెట్ అనే వేరుతో నూనెను ఎర్రబరిచేవారు. మన రతన్‌జోత్ రంగు కూడా అలాంటిదే, నీళ్లలో దిగదు, నూనెలో దిగుతుంది. వేరును చిదిపి పచ్చి అవిసె నూనెలో వేసి, గాజు సీసాలో రెండు మూడు వారాలు వెచ్చని చోట ఉంచి గుడ్డతో వడకట్టండి. పని మొదలుపెట్టడానికి ముందే ఇది నానేస్తే సమయం కలిసొస్తుంది.

మొదటి అంచె: శుభ్రం చేయడం

1. గదులు ఖాళీ అని కంటితో చూసి, వేలితోనూ తడిమి నిర్ధారించుకోండి. ముంజెక్క (గొట్టాల కింద ముందు చేత్తో పట్టుకునే చెక్క) తీసి, గొట్టాలు విడదీసి, ఇంట్లో వేరే గదిలో పెట్టండి. లాకులు విప్పకండి. ఇంగ్లీష్ తుపాకుల స్క్రూ గాడులు చాలా సన్నం, మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల చెదిరిపోతుంది. గాడులన్నీ గొట్టానికి సమాంతరంగా ఒకే వరసలో ఉంటే ఆ తుపాకీని ఎవరూ చెడగొట్టలేదని ఒక మంచి గుర్తు, దాన్ని చెరపకండి.

2. చెక్క మీద ఉన్న పూత ఏదో తేల్చుకోండి. ముంజెక్క లోపలి వైపు, కనపడని చోట, డీనేచర్డ్ స్పిరిట్‌లో ముంచిన దూది ఒక నిమిషం ఆనించండి. బంకబంకగా అంటుకుంటే అది లక్క పాలిష్. దూదికి గోధుమ రంగు మురికి మాత్రమే అంటి, చెక్క పొడిగా ఉంటే పాత నూనె పూత. ఏమీ కదలక గాజులా మెరుస్తూ ఉంటే పాలియురిథేన్, అంటే ఈమధ్య ఎవరో చేసిన పని.

3. గుడ్డను వైట్ స్పిరిట్‌లో తడిపి గట్టిగా పిండి, ఒక్కోసారి అరచేయంత మేర మాత్రమే తుడవండి. గుడ్డ నల్లబడగానే మార్చండి, లేకపోతే తీసిన మురికినే మళ్లీ పూస్తారు. లాక్ ప్లేట్ల అంచుల దగ్గర గుడ్డ తడి కారకూడదు.

4. చేతి పట్టు దగ్గరి చెకరింగ్ మీద, అంటే ఆ డైమండ్ గళ్ల మీద, బ్రష్‌ను గీతల వెంటే నడపండి. మొదట ఒక వాలు, తర్వాత రెండో వాలు. అడ్డంగా రుద్దితే మొనలు గుండ్రబడతాయి. గాడిలో గట్టిపడ్డ మురికిని వెదురు పుల్ల మొనతో తీయండి, సూది వాడకండి.

5. ఒక రోజు ఆరనిచ్చి, నాలుగైదు చుక్కల బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అరచేతిలో వేసుకుని చెక్కంతా రుద్దండి. పది నిమిషాల తర్వాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి.

ఇప్పుడు కిటికీ పక్కన పెట్టి చూడండి. చెక్క రేఖలు లోతుగా కనిపిస్తూ, అక్కడక్కడా గీతలూ నొక్కులూ ఉన్నా రంగు ఒకేలా ఉంటే పని అయిపోయింది. ఆ గీతలు వందేళ్ల వాడకానివి, సేకరించేవాళ్లకు అవి లోపం కాదు. మడమ (భుజానికి ఆనించే చివర) వైపు చెక్క కింది భాగాన ఉండే చిన్న వెండి అండాకార బిళ్లను కూడా మెరిపించకండి, పాత యజమాని పొడి అక్షరాలు అరిగిపోతాయి.

రెండో అంచె: కొత్తగా నూనె పట్టించడం

6. ముందు పగుళ్లు వెతకండి. లాక్ ప్లేట్ల వెనక, యాక్షన్‌ను (గొట్టాలు వచ్చి కూర్చునే ఇనుప దిమ్మను) చెక్క ఆనుకునే చోట, చేతి పట్టు సన్నగా ఉన్న చోట స్పిరిట్ పలచగా రాయండి. స్పిరిట్ క్షణాల్లో ఆరిపోతుంది, పగులు ఉన్న చోట మాత్రం నల్లటి గీత ఇంకాసేపు నిలుస్తుంది. గీత కనిపిస్తే ఆపి గన్‌స్మిత్‌కు చూపించండి. పగులు మీద నూనె పట్టిస్తే తర్వాత జిగురు పట్టదు. పగులు లేకున్నా, లాకులు విప్పి చెక్క విడదీసే పని గన్‌స్మిత్‌తోనే చేయించుకోవడం మంచిది. విడదీయకుండా చేస్తే ఇనుముకు అంచు వరకూ టేప్ వేసి, ఆ అంచు నుంచి 5 మి.మీ. మేర కాగితం తగలనీయకండి.

7. పాత పూత తీయండి. లక్క పాలిష్ అయితే స్పిరిట్, నైలాన్ ప్యాడ్ చాలు. పాలియురిథేన్‌కు రంగు తీసే జెల్లీ వాడండి. కాస్టిక్ సోడా, సున్నం దగ్గరికి రానీయకండి, అక్రోటు నల్లగా మారిపోతుంది. గీకడానికి కత్తి కాదు, ప్లాస్టిక్ కార్డు వాడండి.

8. దిగిపోయిన గన్ ఆయిల్ లాగేయండి. ఏళ్ల తరబడి గొట్టం పైకి పెట్టి నిలబెట్టిన తుపాకుల్లో నూనె యాక్షన్ గుండా కారి చెక్కలో ఇంకుతుంది, అక్కడ గోరు నొక్కితే దిగబడుతుంది. సుద్ద పొడిని అసిటోన్‌తో పెరుగంత చిక్కగా కలిపి 3–4 మి.మీ. మందాన పట్టించండి. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయండి. అసిటోన్ పూర్తిగా ఆరిపోయి, వాసన పోయాకే హెయిర్ డ్రైయర్‌తో చెక్కను గోరువెచ్చగా చేయండి. నూనె పైకొచ్చి తెల్ల పొడి పసుపుగా, మరకలుగా మారుతుంది. బ్రష్‌తో దులిపేసి మళ్లీ పట్టించండి. మూడు నుంచి ఆరు సార్లు పట్టవచ్చు. పొడి తెల్లగానే ఉండిపోయినప్పుడు ఆపండి. ఈ మెట్టు దాటేస్తే పైన పట్టించిన నూనె ఆ చోట ఎన్నాళ్లైనా ఆరదు.

9. నొక్కులు లేపండి. తడి గుడ్డ రెండు మడతలు పెట్టి నొక్కు మీద వేసి, ఇస్త్రీ పెట్టె మొన మూడు నాలుగు సెకన్లు ఆనించండి. గుడ్డ ఆరేలోపు తీసేయండి, లేదంటే చెక్క మాడుతుంది. లోపలికి నొక్కుకున్న చెక్క ఆవిరికి లేస్తుంది. చెక్క ముక్కే ఊడిపోయిన చోట ఎంత ఆవిరి పట్టినా లాభం లేదు, దాన్ని అలాగే వదలండి. కొమ్ముతో చేసిన మడమ పట్టీ ఉంటే అక్కడ ఆవిరి వద్దు.

10. నూగు తీయండి. చెక్కంతా తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే పీచు లేచి గరుకుగా తగులుతుంది. 320 కాగితాన్ని రబ్బరు దిమ్మకు చుట్టి రేఖల వెంట తేలిగ్గా నడిపి ఆ నూగు మాత్రం తీయండి. రెండు మూడు సార్లు ఇలాగే చేస్తే తడి తగిలినా లేవడం మానేస్తుంది. ఇక్కడ స్టీల్ ఊల్ వాడకండి. దాని సన్నటి ఇనప రజను చెక్క రంధ్రాల్లో చిక్కుకుని, తడి తగలగానే అక్రోటులోని వగరుతో కలిసి నల్ల చుక్కలు పుట్టిస్తుంది.

11. ఎర్ర నూనె పట్టించండి. ముంజెక్క లోపలి వైపు చిన్న చుక్క వేసి మర్నాడు పగటి వెలుగులో చూడండి. మరీ ఎరుపైతే రంగు కలపని పచ్చి అవిసె నూనె కలపండి. సరిపోయిందనిపిస్తే చెక్కంతా గుడ్డతో రాసి, అరగంట తర్వాత తుడిచి, రెండు రోజులు వదిలేయండి. ఇంగ్లీష్ చెక్కకు ఉండాల్సింది తేనె రంగు కింద దాగిన ఎరుపు, కుంకుమ ఎరుపు కాదు.

12. రంధ్రాలు నింపండి. ఫినిష్ బాగోగులు తేలేది ఇక్కడే, తొందరపడేది కూడా ఎక్కువగా ఇక్కడే. చెకరింగ్ హద్దు గీత వరకూ టేప్ వేయండి. బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ కొద్దిగా రాసి, 400 కాగితాన్ని ఆ నూనెలోనే ముంచి చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. నూనె, చెక్క పొడి కలిసి చాక్లెట్ రంగు ముద్ద తయారవుతుంది. దాన్ని తుడిచేయకుండా అరచేత్తో రేఖలకు అడ్డంగా నొక్కి, అలాగే ఆరనివ్వండి. రెండో రోజు, తడిగా ఉంటే మూడో రోజు, 600 కాగితం, కొద్ది నూనెతో రేఖల వెంట రుద్దితే పైన పేరుకున్నది పోయి రంధ్రాల్లోది మిగులుతుంది. మూడు నుంచి ఆరు విడతలు. చెక్కను దీపానికి ఏటవాలుగా పట్టి చూడండి: సూదితో పొడిచినట్టు గుంటలు ఇంకా కనిపిస్తుంటే మరో విడత కావాలి.

13. పలచటి పూతలు వేయండి. అరచేతిలో ఐదారు చుక్కల బాయిల్డ్ లిన్‌సీడ్, అంతకు మించి వద్దు. అరచేయి వేడెక్కేదాకా రుద్దండి. పావుగంట తర్వాత పొడి గుడ్డతో తుడవండి, ఏమీ మిగల్లేదు అనిపించాలి. పూతకూ పూతకూ మధ్య 24 గంటలు, వానాకాలంలో 48 గంటలు. ఎనిమిది పూతలతో మాగిన మెరుపు మొదలవుతుంది, మంచి తుపాకీకి పదిహేను ఇరవై వేసేవాళ్లూ ఉన్నారు.

14. చివరగా చెకరింగ్. టేప్ తీసి, లిన్‌సీడ్, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి టూత్ బ్రష్‌తో ఒక్క పూత పలచగా వేసి, వెంటనే పొడి బ్రష్‌తో గాడుల్లోంచి లాగేయండి. గాడిలో నూనె నిలిస్తే అది గట్టిపడి గళ్లను పూడ్చేస్తుంది. అరిగిన గళ్లను మళ్లీ చెక్కే పని చేయి తిరిగిన వాళ్లది. అంగుళానికి 24 గీతలున్న చోట చేయి ఒక్కసారి జారితే దిద్దుకోలేరు.

నిప్పు జాగ్రత్త: లిన్‌సీడ్ తడిపిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే నూనె ఆరే క్రమంలో పుట్టే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. ప్రతి రోజూ పని అవగానే నీళ్లు పోసిన ఇనప డబ్బాలో వేసి మూత పెట్టండి, లేదా బయట తీగ మీద ఒక్కొక్కటిగా విప్పి ఆరేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఆరకుండా జిగటగా ఉండటం: నూనె ఎక్కువైంది, లేదా వంటింటి పచ్చి అవిసె నూనె పూతకు వాడారు, లేదా ఎనిమిదో మెట్టు వదిలేశారు. వైట్ స్పిరిట్ తడి గుడ్డతో జిగట తుడిచి, వారం ఆరబెట్టి, మళ్లీ పలచగా మొదలుపెట్టండి. పైన ఇంకో పూత వేస్తే మరింత చెడుతుంది.

ప్లాస్టిక్ మెరుపు: పూతలు మందంగా పడ్డాయి. ఈ దశలో తడి పని లేదు కాబట్టి 0000 స్టీల్ ఊల్‌కు కాస్త మైనం రాసి రేఖల వెంట తేలిగ్గా రుద్దితే మెరుపు దిగుతుంది.

ఇనుము పక్కన నల్ల గీత: తుడిచేటప్పుడు ద్రావకం ఇనుము కిందికి దిగి పాత మురికిని చెక్కలోకి తీసుకెళ్లింది. సుద్ద ముద్ద ఆ గీత మీద మాత్రం పట్టించండి.

గుండ్రబడిన అంచులు: దిమ్మ లేకుండా వేళ్లతో కాగితం పట్టి రుద్దారు. దీనికి మందు లేదు.

ఫలితం సరిచూసుకోవడం

చివరి పూత తర్వాత రెండు వారాలు ఆగండి. ఒక నీటి చుక్క వేస్తే పూసలా నిలవాలి, ఐదు నిమిషాలకు తుడిస్తే మరక ఉండకూడదు. పావుగంట చేత్తో గట్టిగా పట్టుకుంటే అరచేతికి జిగట తగలకూడదు. లాక్ ప్లేటు దగ్గర గోటికి ఆ చిన్న మెట్టు ఇంకా తగలాలి. చెకరింగ్ మీద బొటనవేలు నొక్కి తీస్తే చర్మం మీద గళ్ల ముద్ర స్పష్టంగా పడాలి. గళ్ల మధ్య ముద్ర మసకబారితే అక్కడ నూనె నిలిచింది, మెత్తగా ఉండగానే టర్పెంటైన్, బ్రష్‌తో తీయండి.

తర్వాత

లాకుల్లో గన్ ఆయిల్ చుక్క చాలు. నూనె వేసిన రోజు తుపాకీని గొట్టం కిందికి ఉండేలా మెత్తటి గుడ్డ మీద నిలబెడితే మిగులు చెక్కలోకి పోకుండా గొట్టం వైపు కారుతుంది. తోలు సంచిలో, ఫోమ్ పెట్టెలో నెలల తరబడి ఉంచకండి, అవి తేమ పట్టి చెక్కకూ ఇనుముకూ చేటు చేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సిలికా జెల్ సంచులు పెట్టి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. ఏడాదికోసారి మూడు నాలుగు చుక్కల లిన్‌సీడ్ అరచేత్తో రుద్ది తుడిస్తే చాలు. మళ్లీ పూత తీసే పని పడదు.